వెనక డ్రమ్ములు తీసి డిస్కులు వేసుకునే ముందు

పికప్‌కి వెనక డ్రమ్ము బ్రేకులు తీసి డిస్కు బ్రేకులు వేస్తే ఇప్పుడు ఆగే దూరంలో సగానికే బండి ఆగిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. గట్టిగా బ్రేక్ తొక్కినప్పుడు బరువంతా ముందు చక్రాల మీదకి వెళ్తుంది, అందులోనూ తొట్టి ఖాళీగా ఉంటే వెనక టైర్లకి రోడ్డు మీద పట్టు అంతంత మాత్రమే, ఆ కాస్త పట్టు తప్పించడానికి మంచి కండిషన్‌లో ఉన్న డ్రమ్ము బ్రేకే ఎక్కువ. చక్రం లాక్ అయ్యాక దాని వెనక డ్రమ్మున్నా డిస్కున్నా ఒకటే, అక్కడి నుంచి ఆపాల్సింది టైరు.

మరి నేనెందుకు మార్చానంటే వేడి, నీళ్ళు, బురద. ఈ మూడే. లోడుతో పొడవాటి దిగుడు దిగుతున్నప్పుడు డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, అంటే లోపలి నుంచి దాన్ని నొక్కే షూ నుంచి దూరంగా జరుగుతుంది, దాంతో పెడల్ ఇంకా ఇంకా కిందకి పోతూ ఉంటుంది. కాలు ఎంత నొక్కినా అడుగున ఏమీ దొరకనట్టుండే ఆ టెన్షన్ ఒకసారి చూసినవాళ్ళకి తెలుస్తుంది. డిస్కు వేడెక్కితే మందం పెరిగి, రెండు వైపుల నుంచి దాన్ని నొక్కే ప్యాడ్ల వైపే వస్తుంది, పైగా గాలికి బయటే ఉంటుంది కాబట్టి తొందరగా చల్లారుతుంది. ఇక నీళ్ళలోంచి వెళ్ళొచ్చాక డ్రమ్ములో చేరిన తడీ బురదా అక్కడే కూర్చుని షూలని గీకేస్తూ ఉంటాయి, డిస్కు మీదవైతే కాసేపు తిరిగేసరికి విసిరేయబడతాయి. రిపేరు సంగతి కూడా ఉంది. ప్యాడ్ ఎంత అరిగిందో చక్రం విప్పగానే కళ్ళకి కనిపిస్తుంది, ఆ స్ప్రింగులతో కుస్తీ ఉండదు.

డ్రమ్ముని తక్కువ చేసి మాట్లాడటం మాత్రం నాకు ఇష్టం లేదు. తిరిగే డ్రమ్మే షూని తనలోకి లాక్కుంటుంది, అందుకే తక్కువ ఒత్తిడితో ఎక్కువ బిగువు వస్తుంది, హ్యాండ్ బ్రేకు కూడా అందులోనే చవగ్గా అమరిపోతుంది. టొయోటా టకోమాకి 2023 మోడల్ దాకా వెనక డ్రమ్ములే. 1999లో డిస్కులతో వచ్చిన షెవర్లే సిల్వరాడో 1500లో కొన్ని మోడళ్ళు 2005 ప్రాంతంలో మళ్ళీ డ్రమ్ములకి వెళ్ళాయి. ఫోక్స్‌వాగన్ ఐడీ 3 లాంటి ఎలక్ట్రిక్ కారుకి కూడా వెనక డ్రమ్ములే పెట్టారు. కాబట్టి మీ బండి ఎక్కువగా ఖాళీగా, చదును రోడ్ల మీదే తిరుగుతుంటే కొత్త షూలు, షూలని తోసే వీల్ సిలిండర్లు కొత్తవి, కొత్త స్ప్రింగులు వేసి సరిగ్గా అడ్జస్ట్ చేసుకోండి, అది చాలు.

చేద్దామనే అనుకుంటే, పని అందరూ అనుకునే చోట లేదు. డిస్కు, దాని మీద ప్యాడ్లని నొక్కే కాలిపర్ తగిలించడం తేలిక. అసలు పని యాక్సిల్ దగ్గర, హ్యాండ్ బ్రేకు దగ్గర, పెడల్ నొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ నుంచి వాల్వు దాకా ఉన్న ఆయిల్ దారిలో ఉంది.

ముందు విప్పడం. డ్రమ్ము రాకపోతే సుత్తితో బాదకండి. చాలా డ్రమ్ముల ముఖం మీద రెండు మర రంధ్రాలుంటాయి, వాటిలో సరిపడే బోల్టులు వేసి ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా తిప్పితే డ్రమ్ము దానంతటదే బయటికొస్తుంది. అయినా రాకపోతే అరుగు గాడిలో షూలు ఇరుక్కున్నాయని అర్థం, షూలు బిగించి ఉండే వెనక ప్లేటు కన్నంలోంచి, షూల ఖాళీని సర్దే స్టార్ చక్రాన్ని వదులు చేయాలి. లోపలి దుమ్ముని గాలి పెట్టి ఊదొద్దు. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవండి, మాస్క్ పెట్టుకోండి.

తర్వాత వెనక ప్లేటు. ఇది బయటికి రావాలంటే యాక్సిల్ షాఫ్ట్ లాగాల్సిందే. కొన్ని బండ్లలో ఫ్లాంజ్, అంటే చక్రం బిగించే పళ్ళెం, దాని వెనక నాలుగు నట్లు విప్పితే షాఫ్టు బేరింగుతో సహా వచ్చేస్తుంది, కానీ ప్లేటు బేరింగుకీ ఫ్లాంజికీ మధ్య చిక్కుకుని ఉంటుంది, ప్రెస్ లేకుండా పని కాదు. ఇంకో రకంలో షాఫ్టుని సీ-క్లిప్పు పట్టుకుని ఉంటుంది. డిఫరెన్షియల్ మూత తీసి, ఆయిల్ వదిలేసి, మధ్య పిన్ను లాక్ బోల్టు విప్పి, పిన్ను లాగి, షాఫ్టుని లోపలికి నెడితే ఆ క్లిప్పు చేతిలోకి రాలిపోతుంది. ఆ లాక్ బోల్టు దగ్గర మాత్రం తొందర పడకండి, విరిగిందంటే తల ప్రాణం తోకకొస్తుంది. షాఫ్టు ఎలాగూ బయటే ఉంది కాబట్టి ఆయిల్ సీలు కొత్తది వేసేయండి, పాత సీలు రేపు కారి కొత్త ప్యాడ్ల మీద గేర్ ఆయిల్ పోసిందంటే పడ్డ శ్రమంతా మట్టిలో కలిసినట్టే. బేరింగు రిటైనర్ రకం యాక్సిల్ అయితే ఇంకోటి కూడా చూడాలి, తీసేసిన ప్లేటు మందం, దాని చోట వచ్చే, కాలిపర్‌ని పట్టుకునే బ్రాకెట్ మందం ఒకటేనా అని. తేడా ఉంటే షిమ్ము అనే పల్చటి రేకు వేయాలి, లేకపోతే బేరింగు మీద బిగువు మారిపోతుంది.

బ్రాకెట్ పెట్టాక డిస్కు కాలిపర్‌కి సరిగ్గా మధ్యలో కూర్చుందా లేదా అన్నది కంటి అంచనాకి వదలకండి. కాలిపర్ బ్రాకెట్ రెండు గోడల నుంచి డిస్కుకి ఎంత ఖాళీ ఉందో కొలిచి, తేడా ఉన్నవైపు షిమ్ములు వేయండి. డిస్కు మధ్య రంధ్రం యాక్సిల్ గుబ్బ మీద బిగుతుగా కూర్చోవాలి, వదులుగా ఉండి కేవలం వీల్ బోల్టుల మీద వేలాడకూడదు. ఫ్లాంజి మీద తుప్పు పొలుసు ఒక్కటి మిగిలినా డిస్కు ఊగుతుంది, ఆ ఊగుడు మిల్లీమీటరులో పదో వంతు చేరినా పెడల్ కింద తెలుస్తుంది. వైరు బ్రష్షుతో లోహం మెరిసేదాకా రుద్ది, నట్లతో డిస్కుని బిగించి, ఊగుడు కొలిచే డయల్ గేజీ పెట్టి తిప్పి చూడండి.

కాలిపర్ మీద గాలి బయటికి వదిలే బ్లీడర్ నిపుల్ పైకి ఉండాలి. కుడిదీ ఎడమదీ మారిపోతే నిపుల్ కిందకి వస్తుంది, గాలి బుడగ పైన ఇరుక్కుపోతుంది, ఎంత ఆయిల్ పోసినా పెడల్ స్పాంజిలాగే ఉంటుంది. చక్రం ఎక్కించి కాలిపర్‌కీ రిమ్ముకీ మధ్య ఖాళీ, కమాన్ కట్టకీ కాలిపర్‌కీ మధ్య ఖాళీ చూసుకోండి, సస్పెన్షన్ పూర్తిగా వేలాడినప్పుడూ పూర్తిగా నొక్కుకున్నప్పుడూ హోస్ లాగబడకుండా దేనికీ రాసుకోకుండా ఉండాలి. హోస్‌ని కాలిపర్‌కి బిగించే బ్యాంజో బోల్టు రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవే. పైపు చివర మలిచిన అంచు డబుల్ ఫ్లేరా, బబుల్ ఫ్లేరా చూసి దానికి తగ్గ ఫిట్టింగే వాడాలి, ఒకదాంట్లో ఒకటి బలవంతంగా బిగిస్తే ఇవాళ కారదు, రేపు కారుతుంది.

హ్యాండ్ బ్రేకుని చాలామంది చివరికి వదిలేస్తారు, ఇది నాకు నచ్చని విషయం. దీనికి రెండు దారులున్నాయి. డిస్కు మధ్య టోపీలో చిన్న షూలు ఉండే రకం ఒకటి. 1995 నుంచి వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వెనక యాక్సిల్ ఇలాంటిదే, ఆ యాక్సిల్‌ని మొత్తంగా తెచ్చి రేంజర్ కింద పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు, స్ప్రింగ్ కూర్చునే పీటలు మాత్రం కోసి మళ్ళీ వెల్డింగ్ చేయాలి. రెండోది కాలిపర్ లోపలే మర ఉండి, మీట లాగితే పిస్టన్‌ని తోసే రకం, 1970ల చివరి క్యాడిలాక్ ఎల్డొరాడో కాలిపర్లు ఈ మార్పిడుల్లో బాగా వాడతారు. ఈ రెండో రకంలో తెలుసుకోవాల్సిన సంగతి, ప్యాడ్ అరిగే కొద్దీ వచ్చే ఖాళీని హ్యాండ్ బ్రేకు వేసినప్పుడే ఆ మర సర్దుకుంటుంది. నెలల తరబడి హ్యాండ్ బ్రేకు వాడకపోతే ఖాళీ పెరిగి మామూలు పెడలే కిందకి దిగిపోతుంది, మనమేమో మాస్టర్ సిలిండర్ పోయిందనుకుంటాం. కేబుల్ తగిలించకముందే మీటని చేత్తో పదేపదే ఆడించి ప్యాడ్లు డిస్కుకి దగ్గరయ్యేలా చేయండి, తగిలించాక వదిలినప్పుడు మీట పూర్తిగా వెనక్కి, దాని ఆపు దాకా వస్తోందో లేదో చూడండి. రాకపోతే కేబుల్ పొట్టిది. డ్రమ్ము కేబుల్‌తో సర్దేద్దామనుకుంటే సాధారణంగా కుదరదు, లాగే దిశా వేరు, లాగే పొడవూ వేరు.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. డ్రమ్ము వైపు లైనులో పాత మాస్టర్ సిలిండర్లలో రెసిడ్యువల్ వాల్వు అని ఒకటి ఉంటుంది, కాలు తీసేసినా లైనులో సుమారు 10 పీఎస్‌ఐ ఒత్తిడి నిలిపి ఉంచడం దాని పని. వీల్ సిలిండర్ రబ్బరు కప్పులు గాలి పీల్చకుండా అది కావాలి, షూని వెనక్కి లాగే స్ప్రింగు ముందు 10 పీఎస్‌ఐ లెక్కలోది కాదు. డిస్కు దగ్గర స్ప్రింగు లేదు, పిస్టన్‌ని వెనక్కి లాగేది చదరపు రబ్బరు సీలు ఒక్కటే, అందుకే ఆ 10 పీఎస్‌ఐ ప్యాడ్‌ని డిస్కుకి రాస్తూనే ఉంటుంది. డిస్కు కాలుతుంది, ప్యాడ్ మాడుతుంది. బండి జాకీ మీద, స్టాండ్ల మీద ఉండగానే పెడల్ నొక్కి వదిలి చక్రం చేత్తో తిప్పి చూస్తే సంగతి బయటపడుతుంది.

ఆయిల్ డబ్బా సైజు గురించి చిన్న లెక్క. ఒకవైపే పిస్టన్ ఉండి పక్కకి జరిగే ఫ్లోటింగ్ కాలిపర్‌లో, పిస్టన్ 54 మిల్లీమీటర్లదైతే, రెండు ప్యాడ్లూ చెరో 8 మిల్లీమీటర్లు అరిగితే పిస్టన్ 16 మిల్లీమీటర్లు ముందుకొస్తుంది, దాని వెనక చేరే ఆయిల్ 36 మిల్లీలీటర్ల పైమాటే, రెండు చక్రాలకీ కలిపి 70 దాటుతుంది. డ్రమ్ము కోసం పెట్టిన చిన్న అర అంత ఇవ్వలేకపోవచ్చు, మట్టం పడిపోయి గాలి లోపలికెళ్తుంది. అలాగని ఎంత పెద్ద బోరు (లోపలి వ్యాసం) సిలిండర్ అయితే అంత మంచిదనుకోకండి, బోరు పెరిగితే అదే కాలి బలానికి ఒత్తిడి తగ్గుతుంది, పెడల్ రాయిలా గట్టిబడుతుంది. నాలుగు డిస్కుల బండికి వచ్చే మాస్టర్ సిలిండర్, మీ కాలిపర్ సైజుకి తగ్గది చూసుకోవాలి.

ఇక వెనక చక్రాలకి వెళ్ళే ఒత్తిడిని అదుపు చేసే ప్రపోర్షనింగ్ వాల్వు. ఫ్యాక్టరీ వాల్వు డ్రమ్ముల తీరుకి సెట్ చేసినది. డిస్కుకి ఆ లాక్కునే గుణం లేదు కాబట్టి అంతే బిగువు రావాలంటే ఎక్కువ ఒత్తిడి కావాలి, పాత వాల్వు అలాగే ఉంచితే వెనక బ్రేకు డ్రమ్ముల కన్నా బలహీనంగా అనిపించొచ్చు. అది తీసేసి ఏమీ పెట్టకపోతే ఖాళీ బండి వెనక చక్రాలు ముందుగా లాక్ అయి బండి పక్కకి తిరిగిపోతుంది. రెండోది ప్రాణాంతకం. అందుకే తిప్పి సెట్ చేసుకునే వాల్వు ఒకటి వెనక లైనులో వేయండి, పాత ప్రపోర్షనింగ్ వాల్వుతో వరుసలో కాదు, దాని బదులుగా. యాక్సిల్‌కి మీట తగిలించి లోడుని బట్టి ఒత్తిడి మార్చే వాల్వు ఉన్న బండైతే దాన్ని ఊరికే పీకేయొద్దు, లోడు మోసే బండికి అది చాలా మంచి ఏర్పాటు. ఒక్కటే, సస్పెన్షన్ ఎత్తు పెంచినవాళ్ళు ఆ మీటని కూడా సర్దాలి, లేకపోతే బండి ఎప్పుడూ ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకుని ఎప్పుడూ తగ్గించేస్తుంది.

చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండికి నేనైతే విడి కిట్టు వేయను. ఆ కంప్యూటరు డ్రమ్ముల లెక్కతో ఒత్తిడి వదిలి పట్టుకుంటుంది, స్పీడ్ సెన్సర్ పళ్ళ చక్రానికి కూడా చోటు కావాలి. అదే మోడల్‌కి కంపెనీ డిస్కుల వెర్షన్ ఉంటే అందులోని భాగాలు మొత్తంగా తెచ్చుకోవడం నయం. మీరున్న చోట బ్రేకుల మార్పుకి అనుమతి, తనిఖీ ఉంటే ముందే కనుక్కోండి, ఇన్సూరెన్స్ వాళ్ళకీ చెప్పండి.

గాలి తీయడం మాస్టర్ సిలిండర్‌తో మొదలుపెట్టి, చాలా బండ్లలో దూరపు చక్రం నుంచి దగ్గరికి వస్తారు, మీ బండి మాన్యువల్ వేరే వరుస చెబితే అదే పాటించండి. బ్రేక్ ఆయిల్‌లో డాట్ 3, డాట్ 4 రెండూ గ్లైకాల్ రకాలే, డాట్ 5 మాత్రం సిలికాన్, వాటితో కలపకూడదు. కొత్త ప్యాడ్లు డిస్కుకి కుదురుకునేలా 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి దించుతూ, పూర్తిగా ఆపకుండా, కొన్నిసార్లు మోస్తరుగా తొక్కి తర్వాత చల్లారనివ్వండి. వేడి మీద బండి ఆపి పెడల్ నొక్కిపట్టి ఉంచితే ప్యాడ్ ముద్ర డిస్కు మీద పడుతుంది.

వాల్వు సెట్టింగ్‌కి మనుషులూ బండ్లూ లేని వెడల్పాటి చోటు, తడి నేల, తక్కువ వేగం కావాలి. వెనక ఒత్తిడి పూర్తిగా తగ్గించి మొదలుపెట్టి, ఒక్కో తిప్పు పెంచుతూ గట్టిగా తొక్కండి, చక్రాలు చూడటానికి బయట దూరంగా ఒక మనిషిని నిలబెట్టండి. ఎప్పుడు తొక్కినా ముందు చక్రాలే ముందుగా లాక్ అవ్వాలి, వెనకవి ఆ వెంటనే. వెనకవి ముందుగా లాక్ అయిన క్షణం ఆపి, ఒక తిప్పు వెనక్కి తగ్గించండి. ఇది ఖాళీ బండితోనే చేయాలి, లోడుతో చేసిన సెట్టింగ్ ఖాళీ బండికి ప్రమాదం. అయ్యాక లాక్ నట్టు బిగించి, ప్రతి జాయింటూ పొడిగుడ్డతో తుడిచి, ఇంజను ఆన్‌లో ఉంచి పెడల్ గట్టిగా నొక్కిపట్టుకుని మళ్ళీ ఒకసారి తడి ఉందేమో చూసి అప్పుడు రోడ్డెక్కండి.