గుణదల మెట్ల మీద

విజయవాడలోని గుణదల మరియమాత కొండ నుంచి వచ్చి ఇంకా వారం కాలేదు. తల మీద చెయ్యి పెట్టుకున్నప్పుడల్లా అది ఎవరి తలో అన్నట్టే ఉంటోంది. మొక్కు తీరిన సంతోషం ఆరకముందే రాయాలని కూర్చున్నాను.

మొక్కు మా అత్తయ్యగారి కోసం. కిందటి వేసవిలో ఆవిడ జారిపడి తుంటి ఎముక విరగడంతో, ఆపరేషన్ అయ్యాక కూడా నెలల తరబడి మంచం దిగలేదు. ఆ మంచానికి ఎదురుగా గోడకున్న క్యాలెండరు మీద, ప్రేమ ఓర్చుకుంటుందని, త్వరగా కోపపడదని పునీత పౌలు కొరింతు సంఘానికి రాసిన మాటలు అచ్చువేసి ఉన్నాయి. నేను రోజూ జావ గ్లాసు పట్టుకుని వాటి ముందు నుంచే నడిచేదాన్ని. ఒక రాత్రి రెండు గంటలప్పుడు, మూడోసారి దుప్పటి తడిసినప్పుడు, "ఇంకెన్నాళ్లు మాకీ శిక్ష" అనేశాను. ఆవిడ ఏమీ అనకుండా గోడవైపు తిరిగి, నేను దుప్పటి లాగడానికి వీలుగా నడుము కొంచెం ఎత్తడానికి ప్రయత్నించింది. ఎత్తలేకపోయింది. ఆవిడ లేచి నడిస్తే తలనీలాలు ఇస్తానని మరియమ్మ తల్లికి మొక్కుకున్నది ఆ రాత్రే. అందులో ప్రేమ ఎంతో, నోరు జారిన భయం ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

సంక్రాంతి నాటికి ఆవిడ వాకర్ పట్టుకుని వాకిలి దాకా నడిచింది. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరిగే తిరునాళ్లకు తానూ వస్తానని పట్టుబట్టింది. జనం తగ్గాక వెళదామని ఎంత చెప్పినా వినలేదు.

జనం గురించి చెప్పకుండా ఉండలేను. 1924లో అర్లాటి అనే క్రైస్తవ గురువు నిలిపిన లూర్దు మాత, అంటే మరియమ్మ తల్లి స్వరూపానికి నూరేళ్లు దాటాయి. ఆ నూరేళ్ల భక్తులూ ఒకేసారి వచ్చారేమో అన్నట్టుంది. బూరలు, మైకులు, కొబ్బరి పీచు, కాళ్లకు అంటుకునే కొవ్వొత్తి మైనం, వీటన్నిటి మధ్య జపమాలలో ఏ పూస దగ్గర ఉన్నానో నాలుగుసార్లు మరిచిపోయాను. తలనీలాలు ఇచ్చి వరుసలో నిలబడేసరికి ఎండ నేరుగా గుండు మీద పడుతోంది. వెనకనున్న ఒక అమ్మాయి సంచి పదేపదే నా వీపుకు తగులుతుంటే, "దేవుడి దగ్గరకు వచ్చి కూడా తోసుకోవాలా, కళ్లు కనిపించడం లేదా?" అని గట్టిగానే కసిరాను. ఆమె తల దించుకుని సంచిని ముందుకు తిప్పుకుంది. తోసింది ఆమె కాదు, ఆమె వెనకున్నవాళ్లని కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. అప్పుడు కూడా ఆ మాట ఆమెతో అనలేదు.

కొండ మెట్లు సగం ఎక్కేసరికి అత్తయ్య కాళ్లు వణికాయి. కూలబడిపోయింది. నేను ఒక చేత్తో వాకర్, ఒక చేత్తో ఆవిడ భుజం పట్టుకుని ఎటూ కదలలేక నిలబడిపోతే, జనం మమ్మల్ని దాటుకుని పోతున్నారు. ఆగింది ఆ అమ్మాయి ఒక్కతే. నన్ను ఏమీ అడగలేదు. అత్తయ్యకు కింది మెట్టు మీద తను కూర్చుని, ఆవిడ పాదాన్ని తన ఒళ్లోకి తీసుకుని, పిక్క నెమ్మదిగా నొక్కుతూ, "తొందరేం లేదు మామ్మా, అమ్మ ఎక్కడికీ పోదు" అంది. నొక్కుతూనే తన కొంగు విప్పి ఎండ తగలకుండా ఆవిడ తల మీద పట్టింది. ఆమె కాళ్లకు చెప్పులు లేవు. సిమెంటు కాలుతుంటే వేళ్లు ముడుచుకుని కూర్చోవడం చూశాను. తన వరుస పోతోందని తెలిసీ కదలలేదు. "అక్కా, నువ్వు ముందు వాకర్ మడుచుకో" అన్నప్పుడు ఆమె గొంతులో నా కసురు ఆనవాలు ఏదైనా ఉందేమోనని వెతికాను. లేదు.

ఇద్దరం చెరోవైపు పట్టుకుని ఆవిడను పైకి చేర్చాం. మాత స్వరూపం ఉన్న గుహ ముందు వలంటీర్లు "కదలండి, కదలండి" అంటూనే ఉన్నారు. నీలి నడికట్టు, జోడించిన చేతులు, పూలదండల పైన ఆ ముఖం కనిపించింది అంతే. నెలల తరబడి కూడబెట్టుకున్న విన్నపాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. పక్కన అత్తయ్య ఏదో గొణుగుతుంటే చెవి ఒగ్గాను. నా పేరే అది. నా ఓపిక చావకుండా చూడమని అడుగుతోంది.

బయటికొచ్చి చూస్తే ఆ అమ్మాయి జనంలో కలిసిపోయింది. ప్రసాదం కొబ్బరి చెక్కల్లో ఒకటి ఆమెకిద్దామని మెట్ల దిగువన చాలాసేపు నిలబడ్డాం.

రైల్లో అత్తయ్య, "ఆ పిల్ల పేరేంటే?" అంది.

"అడగలేదత్తయ్యా."

"తిట్టడానికి మాత్రం తీరిక దొరికింది," అని ఆవిడ నవ్వి, కొబ్బరి ముక్క ఒకటి విరిచి నా చేతిలో పెట్టింది.