ఈ రాత్రికి వద్దు అనగలగడం

వాషింగ్టన్ డల్లెస్ విమానాశ్రయానికి ఉత్తరాన, వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో, కిటికీలు లేని భారీ భవనాలు మైళ్ల కొద్దీ కనిపిస్తాయి. ఇన్ని డేటా సెంటర్లు ఒక్కచోట ఉన్న ప్రాంతం ప్రపంచంలో మరొకటి లేదు. చుట్టుపక్కల టౌన్‌హౌస్‌లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లలో నాకు తెలిసినవాళ్లు ఎక్కువగా సాఫ్ట్‌వేర్ రాస్తారు. నా పని మాత్రం ఆ భవనాల్లోని సర్వర్లను చూసుకోవడం. అందులోనూ నేను పట్టుదలగా వెంటపడేది చాలామంది పట్టించుకోని ఒక విషయం: బీఎంసీలు అనే చిన్న కంట్రోలర్ల ఫర్మ్‌వేర్, అంటే వాటిలోనే ఇమిడి ఉండే సాఫ్ట్‌వేర్.

సర్వర్ మదర్‌బోర్డు మీద బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్ (బీఎంసీ) అని ఇంకో చిన్న కంప్యూటర్ ఉంటుంది. దాని ప్రాసెసర్ వేరు, మెమరీ వేరు, చాలావాటిలో నెట్‌వర్క్ పోర్టు కూడా వేరు. సర్వర్‌ను ఆపేసినా కరెంటు అందుతున్నంతసేపు అది మేలుకునే ఉంటుంది. హెచ్‌పీ సర్వర్లలో దాన్ని ఐలో అంటారు, డెల్ సర్వర్లలో ఐడ్రాక్ అంటారు. హైదరాబాద్‌లో కూర్చున్న ఇంజనీరు ఆష్‌బర్న్‌లో మొండికేసిన యంత్రం తెరను చూస్తూ, దాన్ని ఆపి మళ్లీ లేపి, ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా ఎక్కించగలుగుతున్నాడంటే దీనివల్లే. మన నగరాల నుంచి నడుస్తున్న సర్వర్ నిర్వహణ ఉద్యోగాలు ఎంతగా దీని మీద ఆధారపడ్డాయో ఆ ఉద్యోగాలు చేసేవాళ్లలో కూడా చాలామంది ఆలోచించరు.

అంత అధికారం ఉన్నచోట తాళం గట్టిగా ఉండాలి. ఉన్నదా అంటే, చరిత్ర చూడండి. 2013లో, బీఎంసీలతో నెట్‌వర్క్ మీద మాట్లాడే ఐపీఎంఐ 2.0 అనే ప్రోటోకాల్‌లో ఒక లోపం బయటపడింది. పాస్‌వర్డ్ తెలియనివాడు అడిగినా ఆ ఖాతా పాస్‌వర్డ్ హ్యాష్‌ను, అంటే పాస్‌వర్డ్‌ను గుప్తంగా మార్చిన రూపాన్ని, కంట్రోలరే ఇచ్చేస్తుంది, తీరిగ్గా కూర్చుని ఛేదించుకోవచ్చు. తప్పు ప్రోటోకాల్‌లోనే ఉంది కాబట్టి ఏ అప్‌డేటూ దాన్ని సరిచేయలేదు, నెట్‌వర్క్ మీద ఐపీఎంఐని ఆపేయడమే మార్గం. 2017లో ఐలో 4కు దిద్దుబాటు వచ్చిన లోపం ఇంకా దారుణం: వెబ్ అభ్యర్థనలోని ఒక హెడర్‌లో ఇంగ్లీషు ‘ఎ’ అక్షరాన్ని 29 సార్లు పంపితే లాగిన్ అడగకుండానే తలుపు తెరుచుకునేది. 2021 చివర్లో ఒక ఇరాన్ భద్రతా సంస్థ ఐలోలో దాక్కునే రూట్‌కిట్‌ను, అంటే రహస్యంగా పనిచేసే హానికర ప్రోగ్రామ్‌ను, బయటపెట్టింది. అప్‌డేట్ జరిగినట్టే నటించి, దాన్ని లోపల అడ్డుకోవడం దాని నైజం. 2025 జూన్‌లో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా, దాడుల్లో వాడుతున్న లోపాల జాబితాలోకి మొదటిసారి ఒక బీఎంసీ లోపాన్ని చేర్చింది. అది ఏఎంఐ అనే కంపెనీ మెగారాక్ ఫర్మ్‌వేర్‌ది, తీవ్రత పదికి పది.

ఇంత తెలిసీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌ను ఎందుకు వాయిదా వేస్తారు? అప్‌డేట్ చేసినా చేయకపోయినా సర్వర్ మీద నడిచే పనిలో ఏ తేడా కనబడదు. చేసేటప్పుడు మాత్రం భయం కనబడుతుంది. ఫర్మ్‌వేర్ ఉండే ఫ్లాష్ చిప్ మీద రాస్తుండగా కరెంటు పోతే, రెండో ఇమేజ్ (ఫర్మ్‌వేర్ అదనపు కాపీ) లేని బోర్డులో ఆ కంట్రోలర్ మళ్లీ లేవకపోవచ్చు. రాయడం పూర్తయ్యాక అది తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది. ఆ కాసేపు చాలా మోడళ్లలో ఫ్యాన్లు పూర్తి వేగంతో హోరెత్తుతాయి. అలవాటు లేనివాళ్లు హడలిపోతారు.

వేసవిలో ఇక్కడ ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలైతే హైదరాబాద్‌లో ఉదయం పదకొండున్నర. అలాంటి ఒక వేళ, అప్‌డేట్ మధ్యలో, అక్కడి జూనియర్ ఒకబ్బాయి ఫోన్ చేశాడు.

“అన్నా, తొంభై తొమ్మిది శాతం దగ్గర ఆగిపోయింది. పవర్ తీసి పెట్టించమంటారా?”

“వద్దు తమ్ముడూ. అరగంట దాకా ఏమీ ముట్టుకోవద్దు.”

“మేనేజర్ గారు లైన్‌లో ఉన్నారన్నా, అడుగుతున్నారు.”

“నేను వద్దన్నానని చెప్పు.”

కంట్రోలర్ లేచింది. ఆ అబ్బాయి మాత్రం ఆ తరువాత నన్ను అడిగిన ప్రశ్న వేరు: పైవాళ్లకు అలా వద్దని ఎలా చెప్పగలిగారు అని. మంచి ప్రశ్న. హెచ్‌1బీ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల గడువు. ఆలోగా ఇంకో కంపెనీ దొరకాలి, లేదా వేరే దారి చూసుకోవాలి, లేదా దేశం విడిచి వెళ్లాలి. పిల్లల బడి, ఇంటి అద్దె ఒప్పందం, కారు లోను అన్నీ ఆ అంకె కిందే ఉంటాయి. అందుకే మనవాళ్లు సిద్ధంగా లేని రాత్రి కూడా ‘సరే’ అంటారు. ఇక్కడ పుట్టిపెరిగిన నా సహోద్యోగులు ‘ఈ రాత్రికి వద్దు, కొత్త వెర్షన్ రిలీజ్ నోట్స్ చదవలేదు’ అని మామూలుగా అనేస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. ఆ మాట అనడానికి నాకు సంవత్సరాలు పట్టింది. అది మొండితనం కాదు, పనిలో భాగమే. చాలా పాత వెర్షన్ నుంచి నేరుగా కొత్తదానికి దూకకూడని మోడళ్లు ఉన్నాయి. మధ్యలో ఒక వెర్షన్ ఎక్కించాలి. ఆ సంగతి రిలీజ్ నోట్స్‌లో ఒక్క వాక్యంగా ఉంటుంది.

అప్‌డేట్ విజయవంతం అని తెర మీద వచ్చాక నా జాగ్రత్త ఇంకా పెరుగుతుంది. సెట్టింగులు చెరిగిపోతే కొన్ని పాత బోర్డులలో యూజర్ పేరు, పాస్‌వర్డ్ కంపెనీ పెట్టినవే తిరిగి వస్తాయి. కొన్నింటిలో నెట్‌వర్క్ సెట్టింగు ఫెయిలోవర్‌కు మారుతుంది. అంటే, ప్రత్యేక పోర్టులో కేబుల్ లేదనిపిస్తే కంట్రోలర్ సర్వర్ మామూలు పోర్టు మీదకు వెళ్లి కూర్చుంటుంది. అంటే లోపలి నెట్‌వర్క్‌లో దాగి ఉండాల్సినది, అందరికీ తెలిసిన పాస్‌వర్డ్‌తో బయట నిలబడుతుంది. భద్రత కోసం చేసిన పనే ఇలా తిరగబడగలదు. కాబట్టి మా బృందంలో వెర్షన్ సంఖ్య చూసి టిక్కు పెట్టడం మాన్పించాను. పోర్టు, ఖాతాలు, ఐపీఎంఐ ఆపి ఉందో లేదో చూసి రాయాలి. ప్రతి మోడల్‌లో ముందు ఒక్క యంత్రం, తరువాత ఒక రాక్ (సర్వర్లు అమర్చిన బీరువా), ఆ తరువాతే మిగతావి. భవనంలో మనిషి లేని రాత్రి అసలు మొదలుపెట్టము.

మిగిలిన తలనొప్పి, తయారీదారులు ఫర్మ్‌వేర్ ఇవ్వడం ఆపేసిన సర్వర్లు. యంత్రం నిక్షేపంలా నడుస్తూ ఉంటుంది, తాళం మాత్రం పాతదే. వాటి మేనేజ్‌మెంట్ పోర్టులను విడిగా ఒక నెట్‌వర్క్‌లో బంధించి ఉంచాము. అయినా వాటిని మార్చాల్సిందేనని ఏటా బడ్జెట్ సమావేశంలో జాబితా పెడుతున్నాను. ఈసారి ఆ జాబితాను హైదరాబాద్ అబ్బాయి చేతే చెప్పిస్తాను.