ఇనుప పొడి, రెజిన్‌తో టొరాయిడ్ కోర్లు: నా అనుభవం

కాయిల్ తీగ చుట్టడానికి నేను చేసే ఉంగరం ఆకారపు (టొరాయిడ్) కోర్ కొలతలు ఎప్పుడూ ఒకటే: బయటి వ్యాసం 20 మి.మీ., లోపలి వ్యాసం 10, ఎత్తు 8. ఆకారం మార్చకపోతే ఇండక్టెన్స్‌లో (కరెంటు మార్పుని కాయిల్ అడ్డుకునే గుణం) కనిపించే ప్రతి తేడా పదార్థానిదేనని తేలిపోతుంది. టొరాయిడ్‌కి లెక్క కూడా సులువు. 0.2ని పర్మియబిలిటీతో (గాలితో పోలిస్తే పదార్థం అయస్కాంత క్షేత్రాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే సంఖ్య), చుట్ల వర్గంతో, మి.మీ.లలో ఎత్తుతో, బయటి వ్యాసాన్ని లోపలి వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య సహజ లాగరిథమ్‌తో గుణిస్తే ఇండక్టెన్స్ నానోహెన్రీల్లో వస్తుంది. నా సైజుకి 20 చుట్లు వేస్తే ఒక్కో పర్మియబిలిటీ యూనిట్‌కి 0.44 మైక్రోహెన్రీ. మీటర్ 8.6 చూపించిందంటే పర్మియబిలిటీ 19కి కొంచెం పైన. సూత్రం మీద అనుమానం ఉంటే బజారులో దొరికే ఎర్ర రంగు టీ50-2 కోర్‌కి వేసి చూడండి. వ్యాసాలు 12.7, 7.7, ఎత్తు 4.83, పర్మియబిలిటీ 10. ఒక్క చుట్టుకి 4.8 నానోహెన్రీలు వస్తుంది, తయారీదారు పట్టికలో 4.9 ఉంటుంది.

ఈ పనిలో ఇనుము కన్నా ఇనుప రేణువుల మధ్య ఖాళీ ముఖ్యం. రేణువులు ఒకదానికొకటి తాకితే కరెంటు ఒక రేణువు నుంచి ఇంకోదానికి పారుతుంది, ఎడ్డీ కరెంట్లు (కోర్ లోపలే సుళ్లు తిరిగే కరెంట్లు) పెరిగి కోర్ వేడెక్కుతుంది. మరీ దూరంగా ఉంటే పర్మియబిలిటీ పడిపోతుంది. దగ్గరగా ఉండాలి, తాకకూడదు. కింద చెప్పే ప్రతి మెట్టూ ఈ రెండింట్లో ఒకదానికోసమే. టెలిఫోన్ లైన్ల లోడింగ్ కాయిల్స్ (దూరం వెళ్లే మాట బలహీనపడకుండా లైన్‌లో పెట్టే కాయిల్స్) కోసం ఒత్తిన ఇనుప పొడి గురించి స్పీడ్, ఎల్మెన్ అనే ఇంజనీర్లు 1921లోనే రాశారు. అప్పటికీ ఇప్పటికీ తలనొప్పి ఇదే.

పొడి దగ్గరే సగం పని తేలిపోతుంది. వెల్డింగ్ షాపులో గ్రైండర్ కింద రాలిన పొడి తెచ్చి మొదలుపెట్టేవాళ్లని చాలామందిని చూశాను. అందులో సగం ఆక్సైడ్, మిగిలింది పదునైన పెంకులు, మధ్యలో గ్రైండింగ్ వీల్ రజను. దానితో అయ్యేది బరువైన రాయి, కోర్ కాదు. కావలసింది కార్బొనైల్ ఐరన్. ఐరన్ పెంటాకార్బొనైల్ ఆవిరిని వేడితో విడగొట్టి తీస్తారు కాబట్టి రేణువులు గుండ్రంగా, కొన్ని మైక్రాన్ల సైజులో ఉంటాయి. ఆ సైజు ఎందుకంటే, రేణువు లోపలి పర్మియబిలిటీ 100 అనుకుని లెక్కేస్తే 1 మెగాహెర్ట్జ్ దగ్గర ఇనుములో స్కిన్ డెప్త్ (కరెంటు పైనుంచి ఎంత లోతు దాకా పారుతుందో ఆ కొలత) సుమారు 16 మైక్రాన్లు. 5 మైక్రాన్ల రేణువుకి దాంతో ఇబ్బంది లేదు. 100 మైక్రాన్ల స్పాంజ్ ఐరన్ రేణువు లోపలి భాగం ఆ ఫ్రీక్వెన్సీలో పనికే రాదు, పైపొర మాత్రం వేడెక్కుతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీ చోక్‌లకి (కరెంటు హెచ్చుతగ్గుల్ని అణిచే కాయిల్స్) ముతక పొడి వేరే సంగతి.

కార్బొనైల్ ఐరన్‌లో గట్టి రకం, మెత్త రకం అని రెండున్నాయి. గట్టి రకంలో కార్బన్, నైట్రోజన్ మిగిలి ఉంటాయి, రేణువు ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఉంటుంది. నష్టాలు తక్కువ, కానీ ఎంత ఒత్తినా నలగదు. దాన్నే హైడ్రోజన్‌లో వేడిచేసి కార్బన్ తీసేస్తే మెత్త రకం. అచ్చులో పోసే పోత కోర్‌కి గట్టిది, ప్రెస్‌తో ఒత్తే కోర్‌కి మెత్తది వాడతాను. కొనేటప్పుడు ఏ రకమో అడిగి రాయించుకోండి, డబ్బా మీద ఉత్త 'కార్బొనైల్ ఐరన్ పౌడర్' అనే ఉంటుంది.

ముందు పోత పద్ధతి. దీనికి ప్రెస్ అక్కర్లేదు. అచ్చు టెఫ్లాన్ కడ్డీలో లేత్ మీద తీయించినదైనా సరే, మామూలు కోర్‌ని నమూనాగా పెట్టి సిలికాన్ రబ్బరు పోసి తీసినదైనా సరే; ఎపాక్సీ ఈ రెంటికీ అంటుకోదు. రెజిన్‌గా లాపాక్స్ ఎల్-12, దానికి కె-6 హార్డెనర్, బరువులో 100కి 10. దుకాణంలో దొరికే రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు వద్దు. అది మొదలే చిక్కన, అందులో ఇంత పొడి పట్టదు.

ఎంత పొడి పట్టాలన్నది ఘనపరిమాణంలో ఆలోచించాలి, బరువులో కాదు. 80 శాతం ఇనుము అంటే ఘనంగా వినిపిస్తుంది, కానీ ఘనపరిమాణంలో అది 37 శాతమే. నా లక్ష్యం సగానికి సగం, అంటే బరువులో 87 శాతం. 60 గ్రాముల విడతకి ఇనుము 52.2, రెజిన్ 7.1, హార్డెనర్ 0.71 గ్రాములు. ఆ 0.71 చూశారుగా, వంటింటి త్రాసుతో అయ్యే పని కాదు. 0.01 గ్రాము చూపించే నగల త్రాసు ఉండాలి. హార్డెనర్ 0.2 గ్రాము అటూ ఇటూ అయితే కోర్ ఎప్పటికీ మెత్తగానే ఉండిపోతుంది.

పొడిని పల్చగా పరిచి 80 డిగ్రీల దగ్గర గంటసేపు ఆరబెట్టి, చల్లారాక వాడతాను. పొడిని రెజిన్‌లో మూడు వాయిలుగా కలపాలి, హార్డెనర్ చివర్లో. తిరగేసి ముందే హార్డెనర్ వేస్తే పొడి కలిపే లోపల గడియారం పరుగెడుతుంది. ఇక్కడి ఎండాకాలం 40 డిగ్రీల్లో అసలే సమయం తక్కువ. కలిపాక ముద్ద జారుడుగా ఉండదు. తడి సిమెంటులా ఉండి, తడితే మాత్రం జారుతుంది. అలాగే ఉండాలి. పల్చగా జారిందంటే ఇనుము తక్కువైనట్టు, గడ్డకట్టే లోపు ఇనుము అడుక్కి దిగిపోయి పైన రెజిన్ తేలుతుంది. ఆ కోర్‌ని నిలువునా కోస్తే కింద నలుపు, పైన తేనె రంగు కనిపిస్తుంది.

ముద్దలో గాలి ఉంటుంది. ఫ్రిజ్ మెకానిక్‌లు వాడే వాక్యూమ్ పంపుకి గాజు డెసికేటర్ (గాలి చొరబడని మూత పాత్ర) తగిలించి పది నిమిషాలు లాగుతాను. ముద్ద పొంగి, మళ్లీ కుంగుతుంది. తర్వాత అచ్చులో కొంచెం కొంచెంగా నింపుతూ, అచ్చుని బల్లకేసి తడుతూ పోవాలి. పైన టెఫ్లాన్ మూత పెట్టి క్లాంప్ బిగిస్తే మిగులు ముద్ద బయటికి వస్తుంది. మర్నాటికి గట్టిపడుతుంది, ఆ తర్వాత 80 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచాలి. వానాకాలంలో కోర్ పైన తెల్లటి జిడ్డు పొర వస్తే భయపడకండి. హార్డెనర్‌లోని ఎమైన్ గాల్లో తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి చేసే పని అది. గోరువెచ్చటి నీళ్లతో కడిగితే పోతుంది.

మంచి పోత కోర్ 8.4 గ్రాములు తూగుతుంది. 7.9 వచ్చిందంటే లోపల బుడగలున్నాయి, తీగ చుట్టే శ్రమ కూడా దండగ. 20 చుట్లకి నాకు 3 మైక్రోహెన్రీలు, అంటే పర్మియబిలిటీ 7 దాకా వస్తుంది. కొన్ని మెగాహెర్ట్జ్ పైన ట్యూన్డ్ కాయిల్స్‌కి ఇది చాలు. పవర్ చోక్‌కి చాలదు.

ఇక ప్రెస్ పద్ధతి. ఖర్చంతా డైలో, అంటే పొడిని ఒత్తే ఉక్కు అచ్చులో, ఉంటుంది. డై, రెండు ఉంగరం పంచ్‌లు, మధ్య కడ్డీ. అన్నీ డీ2 డై స్టీల్‌లో, హార్డెనింగ్ చేసి గ్రైండింగ్ పట్టించినవి. హైదరాబాద్‌లో అయితే బాలానగర్ టూల్ రూముల్లో ఈ పని కొట్టినపిండి. నేను ఇచ్చే కొలతలు: డై బయటి వ్యాసం 60, ఎత్తు 45, పంచ్‌కి గోడకి మధ్య ఒక్కో వైపు 0.02 నుంచి 0.03 మి.మీ. అంతకన్నా వదులైతే పొడి ఆ సందులో దూరి పంచ్ పట్టేస్తుంది. డై నోటి దగ్గర చిన్న వాలు ఇవ్వమని అడగండి. దాని అవసరం కింద చెబుతాను.

ఉంగరం వైశాల్యం 2.36 చ.సెం.మీ. చదరపు సెంటీమీటరుకి 6 టన్నులు కావాలంటే 14 టన్నులు చాలు. ప్రెషర్ గేజ్ ఉన్న 20 టన్నుల వర్క్‌షాప్ ప్రెస్ సరిపోతుంది. ఇదే డైలో సెన్‌డస్ట్ చేద్దామనుకుంటే అది జరగదు. 85 శాతం ఇనుము, మిగతా సిలికాన్, అల్యూమినియం ఉన్న ఆ మిశ్రమం రాయిలా గట్టిది, చదరపు సెంటీమీటరుకి 15 నుంచి 20 టన్నుల దాకా అడుగుతుంది. అంటే 50 టన్నుల ప్రెస్, ఆపైన ఒత్తిడి పోగొట్టడానికి ఏ రెజినూ తట్టుకోని వేడి.

100 గ్రాముల మెత్త రకం పొడికి ముందు ఫాస్ఫేట్ పూత. 40 మి.లీ. అసిటోన్‌లో 85 శాతం ఫాస్ఫారిక్ ఆసిడ్ 0.8 గ్రాము కలిపి, పొడి వేసి పది నిమిషాలు తిప్పుతాను. ఇనుము మీద పల్చటి ఐరన్ ఫాస్ఫేట్ పొర పడుతుంది. హైడ్రోజన్ కూడా వస్తుంది కాబట్టి మూత పెట్టకూడదు, దగ్గర్లో మంట, హీటర్ కాయిల్ ఏవీ ఉండకూడదు. ఆసిడ్ ఎక్కువ పోస్తే ఇన్సులేషన్ బాగానే ఉంటుంది, ఇనుమే తగ్గిపోతుంది. ఈ మెట్టు దాటేసి రెజిన్ ఒక్కదానితో చేసిన కోర్లూ పనిచేస్తాయి. కానీ ఒత్తిడికి రెజిన్ పొర చోటచోటా చిరుగుతుంది, ఫాస్ఫేట్ మాత్రం రేణువుని అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకే నేను దాటేయను.

పొడి ఆరాక బైండర్. రిసోల్ రకం బేకలైట్ వార్నిష్ వాడతాను. అందులో ఘనపదార్థం ఎంతో డబ్బా మీది సంఖ్యని నమ్మకుండా, ఒక మూతలో కొంచెం తూచి పోసి, 150 డిగ్రీల దగ్గర ఎండబెట్టి మళ్లీ తూస్తాను. సగం మిగిలితే 2.5 గ్రాముల రెజిన్‌కి 5 గ్రాముల వార్నిష్. దాన్ని 20 మి.లీ. అసిటోన్‌లో పల్చన చేసి, పొడి మీద పోసి, అసిటోన్ ఎగిరిపోయేదాకా తిప్పుతూనే ఉండాలి. ఇది ఆరుబయట చేసే పని. తిప్పడం ఆపితే రెజిన్ అంతా పైకి చేరి గడ్డలవుతుంది. కాస్త చెమ్మగా ఉండగానే 60 మెష్ జల్లెడలోంచి రుద్ది దించితే రవ్వలా వస్తుంది. మెత్తటి కార్బొనైల్ పొడి అచ్చులోకి సరిగా జారదు, రవ్వ జారుతుంది. పూర్తిగా ఆరాక, డై గోడలకి పట్టకుండా జారడానికి, 0.4 గ్రాము జింక్ స్టియరేట్ కలిపి సీసాలో పోసి రెండు నిమిషాలు ఊపాలి.

కోర్‌కి 11.7 గ్రాములు, విడతకి ఎనిమిది కోర్లు. రవ్వ డైలో 20 మి.మీ. లోతు నిండుతుంది, ఒత్తాక 8 అవుతుంది. డైని నేల మీద గట్టిగా ఆనించి పైనుంచి మాత్రమే ఒత్తితే పైభాగం దట్టంగా, కిందిది గుల్లగా వస్తుంది, గోడల రాపిడి వల్ల. డైని రబ్బరు ఉంగరాల మీద నిలబెడితే ఒత్తేటప్పుడు డై కూడా కిందికి దిగుతుంది, రెండు పంచ్‌లూ పనిచేసినట్టవుతుంది. నెమ్మదిగా 14 టన్నులకి తెచ్చి 15 సెకన్లు ఆపి, నెమ్మదిగా వదలాలి.

కోర్ విరిగేది ఒత్తేటప్పుడు కాదు, బయటికి తీసేటప్పుడు. డైలోంచి పైకి వచ్చిన భాగం కొంచెం వ్యాకోచిస్తుంది, లోపలి భాగం ఇంకా బిగుతుగానే ఉంటుంది. ఆ సరిహద్దు దగ్గర అడ్డంగా పగులు వస్తుంది, టోపీలా ఊడుతుంది. నోటి దగ్గర వాలు అడిగింది ఇందుకే. మధ్యలో ఆగకుండా ఒకే ఊపులో తోసేయాలి. అయినా పగిలితే జింక్ స్టియరేట్ కలపడం సరిపోలేదేమో, ఒత్తిడి మరీ త్వరగా పెంచి గాలిని లోపల బంధించామేమో చూడాలి. స్టియరేట్ పెంచుకుంటూ పోవడం మందు కాదు, 1 శాతం దగ్గరికి వస్తే కోర్ బలం పోయి గోరు గీతకే రాలుతుంది.

ఒత్తిన కోర్ ఇంకా పచ్చిదే, మెల్లగా పట్టుకోవాలి. 80 డిగ్రీల్లో గంట, 120లో గంట, 150లో గంట. రిసోల్ గట్టిపడేటప్పుడు నీటి ఆవిరి వదులుతుంది కాబట్టి తిన్నగా 150లో పెడితే పొక్కులు లేస్తాయి.

చల్లారాక మొదటి పరీక్షకి మల్టీమీటర్ చాలు. రెండు మొనలూ కోర్‌కి గుచ్చి చూస్తే మెగాఓమ్‌లు గానీ, ఓపెన్ గానీ చూపాలి. కొన్ని ఓమ్‌లే చూపితే రేణువులు తాకుతున్నాయి. తర్వాత 0.5 మి.మీ. ఎనామిల్ తీగ 20 చుట్లు. ఇక్కడ చేతి ఎల్‌సీఆర్ మీటర్ (ఇండక్టెన్స్ కొలిచేది) 100 కిలోహెర్ట్జ్ దగ్గర చూపే క్యూ విలువని (నష్టం తక్కువైతే పెరిగే సంఖ్య) చూసి మురిసిపోవద్దు, బాధపడొద్దు. 8.6 మైక్రోహెన్రీకి అక్కడ రియాక్టెన్స్ 5.4 ఓమ్‌లే, తీగ నిరోధం 0.05 ఓమ్. మీరు కొలిచేది ఎక్కువగా రాగినే. 1 నానోఫారడ్ మైకా గానీ, పాలీస్టైరీన్ గానీ కెపాసిటర్ కలిపితే 1.7 మెగాహెర్ట్జ్ దగ్గర రెసొనెన్స్ వస్తుంది, కోర్ గుణం అక్కడ బయటపడుతుంది.

ఇండక్టెన్స్ తక్కువై క్యూ బాగుంటే ఇనుము దట్టంగా పడలేదు: తూకం చూడండి, ఒత్తిడి చూడండి, రెజిన్ 2 శాతానికి తగ్గించి చూడండి. ఇండక్టెన్స్ బాగుండి క్యూ పడిపోతే ఇన్సులేషన్ చిరిగింది: ఫాస్ఫేట్ మెట్టు సరిగా జరగలేదు, లేదా తిప్పడం మధ్యలో ఆపారు. రెండూ తక్కువైతే పొడి తుప్పు పట్టి ఉంటుంది. డబ్బా తెరిచి వాడాక మూత బిగించి, సిలికా జెల్ పొట్లం వేసి ఉంచాలి.

ఈ పొడి గాల్లో లేస్తే నిప్పురవ్వకి అంటుకుంటుంది. ఫ్యాన్ ఆపి, మాస్క్ పెట్టుకుని పనిచేస్తాను. బల్ల మీద ఒలికిన పొడి ఎత్తడానికి అయస్కాంతానికి ప్లాస్టిక్ కవర్ తొడగాలి. కవర్ తిరగేస్తే పొడి అందులో ఉండిపోతుంది. కవర్ లేకుండా ఎత్తితే ఆ అయస్కాంతానికి జీవితాంతం గడ్డమే.

తయారైన కోర్‌ని 80 డిగ్రీలు దాటనివ్వను. అంతకుపైన నెలల తరబడి పనిచేస్తే రెజిన్ మెల్లగా మాడుతుంది, రేణువుల మధ్య ఇన్సులేషన్ తగ్గుతుంది, నష్టం పెరిగి కోర్ ఇంకా వేడెక్కుతుంది. కొత్తలో 70 డిగ్రీల దగ్గర నిలిచిన చోక్ ఏడాది తర్వాత అదే లోడు మీద 85 చూపిందంటే దాన్ని తీసేయాల్సిందే. తీగ చుట్టే ముందు అంచులు 400 నంబరు ఎమ్రీతో గుండ్రం చేసి, ఒక చేయి ఎపాక్సీ పూస్తాను. లేకపోతే ఆ అంచుకే ఎనామిల్ గీసుకుపోయి, చుట్లు కోర్‌కి షార్ట్ అవుతాయి.