ఆ గళ్ల జెర్సీ

"అన్నా, ఇది ఆ ఎనిమిది గోల్స్ రాత్రి వేసుకున్నది కదా?"

బీరువా సర్దుతున్న తమ్ముడి చేతిలో ఎరుపు, నీలం గళ్ల జెర్సీ. వీపు మీద 10 అంకె పెచ్చులూడిపోయింది.

2020 ఆగస్టు 14, లిస్బన్. ఫుట్‌బాల్ మ్యాచ్. మన జట్టు బార్సిలోనా 2, బయర్న్ 8. మనకు అప్పటికే పదిహేనో తేదీ. అమ్మ లేస్తుందని సౌండ్ తీసేసి చూశాం. హాఫ్‌టైమ్‌కే 4-1.

వాళ్ల డేవిస్ మన డిఫెండర్ సెమెడోని దాటేసి గోల్ లైన్ దాకా దూసుకొచ్చి కిమిచ్‌కి పాస్ ఇచ్చినప్పుడు తమ్ముడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వీపు నాకింకా గుర్తే.

కుటిన్యో మాత్రం నేటికీ గుచ్చుకుంటాడు. మనవాడే, లోన్ మీద, అంటే కొంతకాలం ఆడమని, వాళ్లకిచ్చాం. చివర్లో దిగి మన మీదే రెండు గోల్స్ కొట్టాడు.

తమ్ముడు జెర్సీ మడిచి మళ్లీ పై అరలోనే పెట్టాడు. పారేద్దామని ఇద్దరం అనలేదు.