తెల్ల జుట్టు తెల్లగానే ఉండాలి, మెత్తగా కూడా ఉండాలి

ఆదివారం పొద్దున మా ఇంట్లో ఇద్దరం తలకు పోసుకుంటాం. ముందు అత్తమ్మ, తర్వాత నేను. ఆమెకు ఎనభై దాటాయి, నాకు యాభై నాలుగు. ఇద్దరివీ తెల్ల జుట్లే. భుజాల నొప్పితో ఆమె చేతులు పైకి లేవవు, అందుకని మూడేళ్లుగా ఆమె తల నేనే రుద్దుతున్నాను. మొదటిరోజే ఒక మాట చెప్పింది. "ఏమన్న రాయి బిడ్డా, నేనేమనను. రంగు మాత్రం అంటొద్దు."

ఆ మాట నిలబెట్టడం ఎంత కష్టమో నాకప్పుడు తెలియదు. జుట్టు మెత్తబడాలని మనం పెట్టే ఆకుల్లో, పొడుల్లో చాలావాటికి సొంత రంగు ఉంటుంది. నల్ల జుట్టు మీద అది కనబడదు కాబట్టి లేదనుకుంటాం. తెల్ల జుట్టు మీద ఏదీ దాగదు.

నేను హనుమకొండలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా పుట్టిల్లు వరంగల్ కొత్తవాడ. బాపు జంపఖానాలు నేసేవాడు. అద్దిన నూలు ఆరకముందే ఒక పోగు తీసి, తెల్లగుడ్డ మీద వేలితో రుద్ది చూసేవాడు. రంగు పోగు లోపలికి పోయిందా, పైపైన కూర్చుందా అని. జుట్టు విషయంలో నేను చూసేది కూడా అదే.

నేనూ నలభై నిండకముందు నుంచే జుట్టుకు రంగు వేశాను. 2019లో మా ఆడపడుచు కూతురి పెళ్లికి రెండు రోజుల ముందు, నల్ల మెహందీ అని రాసి ఉన్న ఒక పొడి కలిపి పెట్టుకున్నాను. తెల్లారేసరికి నుదురు, కనురెప్పలు వాచి కళ్లు తెరుచుకోలేదు. పెళ్లికి పోలేకపోయాను. చర్మం డాక్టరమ్మ చెప్పింది, మైదాకు ఒక్కటే ఎప్పుడూ నలుపు ఇవ్వదు, త్వరగా నల్లగా చేసే చాలా పొడుల్లో పీపీడీ అనే రసాయనం ఉంటుంది, ఒకసారి ఒంటికి పడలేదంటే మళ్లీ పెట్టిన ప్రతిసారీ ఇంకా గట్టిగా తిరగబడుతుంది అని. ఆ రోజుతో రంగు ఆపేశాను. జుట్టు నెలకు సెంటీమీటరుకు కాస్త ఎక్కువ పెరుగుతుంది. నా జడ పొడుగుకు పాత రంగంతా చివర్లకు దిగి కత్తెరకు పోవడానికి దాదాపు మూడేళ్లు పట్టింది.

తెల్లబడ్డాక అసలు బాధ మొదలైంది. వెంట్రుక చేతికి కొబ్బరి పీచులా తగిలేది. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, బకెట్ అంచున తెల్లగా పేరుకుంటుంది. అదే జుట్టు మీద కూడా పేరుకునేది. పక్కింటి వదిన, "మైదాకు పెట్టుకో వదినా, పట్టులెక్క అయితది" అన్నది. పెట్టుకున్నాను. మెత్తబడిన మాట నిజమే, కానీ తలంతా నారింజ రంగుకు తిరిగింది. అత్తమ్మ చూసి ఏమీ అనలేదు. మూడేళ్లు ఓపిక పట్టి తెల్లగా పెంచుకున్న జుట్టు మళ్లీ మరకైందని నేనే ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను.

మైదాకులో లాసోన్ అనే పదార్థం ఉంటుంది. అది ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. వెంట్రుక, గోరు, పట్టు, ఉన్ని అన్నీ ప్రొటీనే. అందుకే నూలు కంటే పట్టు మీద మైదాకు బాగా పడుతుంది, వెంట్రుకకు పడితే కడిగినా పోదు. బాపు మాటల్లో చెప్పాలంటే అది పోగు లోపలికి పోయిన రంగు.

అప్పుడు అనుకున్నాను, ఇంకేదైనా తలకు పెట్టేముందు రాలిన వెంట్రుకల మీద చూడాలని. దువ్వెనకు వచ్చిన తెల్ల వెంట్రుకలు, ఆమెవీ నావీ, ఒక డబ్బాలో దాచాను. ఇరవై ముప్పై కలిపి చిన్న కట్ట. ఒక్కో కట్టకు ఒక్కో రంగు దారం, ఏ దారం ఏ ఆకుదో పుస్తకంలో రాసుకున్నాను. దారాలకు మా ఇంట్లో కొదవ లేదు. కట్టను గంటసేపు ముద్దలో ఉంచి, కుంకుడు నీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, ఏమీ తగలని కట్ట పక్కన తెల్ల లైనింగ్ గుడ్డ మీద పెట్టి పగటి వెలుతురులో చూడాలి. ఒక్కసారి చేసి సరే అనుకోవద్దు. అదే కట్టకు నాలుగుసార్లు చేయాలి. మొదటిసారి కనబడని రంగు నాలుగోసారికి బయటపడుతుంది. జాకెట్ గుడ్డల్లో తెలుపు, హాఫ్‌వైట్, క్రీమ్ తేడా పట్టడం నా రోజువారీ పని, కాబట్టి నా కన్ను మీద నాకు నమ్మకం ఉంది.

ముందు ఓడిపోయినవి చెబుతాను. గుంటగలగరాకు రసం గాలి తగిలితేనే నల్లబడుతుంది, కట్ట మొదటిసారికే బూడిద పచ్చగా మారింది. ఉసిరి పొడి ఇనుప కడాయిలో నానబెడితే నల్ల మచ్చలు. ఉసిరిలోని వగరు ఇనుముతో కలిస్తే పుట్టేది సిరా లాంటి నలుపే. గాజు గిన్నెలో నానబెట్టిన ఉసిరి అంత చేయలేదు కానీ నాలుగోసారికి తెలుపు మాసింది. శీకాయ కూడా అంతే, మాసిన తెలుపు. కరివేపాకు కాచిన కొబ్బరి నూనె పచ్చటి జీర ఇచ్చింది, అది మా ఇంట్లో ఏళ్ల తరబడి వాడిన నూనె. ఇప్పుడు ఉత్త కొబ్బరి నూనె వాడుతున్నాం. అది వెంట్రుక లోపలికి ఇంకుతుంది, మరక మాత్రం వదలదు.

కలబంద గురించి కాస్త ఆగి చెప్పాలి. లోపలి తెల్ల గుజ్జు మంచిదే. తోలు కింద నుంచి కారే పసుపు సొన మాత్రం రంగు. ఆరితే గోధుమ రంగులోకి తిరుగుతుంది, ఒకరి క్రీమ్ జాకెట్ గుడ్డ మీద పడి నాకు కొత్త గుడ్డ కొనియ్యక తప్పలేదు. కొందరికి అది దురద కూడా పెడుతుంది. మట్ట కోసి, కోసిన వైపు కిందికి ఉండేట్టు గ్లాసులో పదిహేను నిమిషాలు నిలబెడితే సొనంతా దిగిపోతుంది. అప్పుడు కడిగి గుజ్జు తీయాలి.

మా చెల్లె కూతురు హైదరాబాద్ నుంచి ఒక ప్యాకెట్ పంపింది. రంగులేని హెన్నా అని రాసి ఉంది. ఆ పేరు సరైంది కాదు. రంగులేని మైదాకు అంటూ ఉండదు. ఆ ప్యాకెట్‌లో ఉన్నది వేరే మొక్క, సెన్నా ఇటాలికా. పాత పేరు కాసియా ఓబోవాటా, ఇప్పటికీ ఆ పేరుతోనే అమ్ముతారు. ఈ సంగతి చదివినప్పుడు నాకు చాలా సంతోషమైంది, ఎందుకంటే మన తంగేడు కూడా సెన్నానే, సెన్నా ఆరిక్యులేటా. బతుకమ్మకు పేర్చే తంగేడు, మన రాష్ట్ర పుష్పం, ఈ పొడికి చుట్టం.

కాసియాలో లాసోన్ లేదు. అందుకని నల్ల జుట్టు రంగు మార్చకుండా కొంచెం మెరుపు, కొంచెం దిట్టం ఇస్తుంది. మా చెల్లెకు ఇంకా నల్ల జుట్టే, ఆమె నెలకోసారి పెట్టుకుంటుంది, చాలా బాగుంది. కానీ అందులో క్రైసోఫానిక్ యాసిడ్ అనే పసుపు పదార్థం ఉంటుంది, దానికి పులుపు తగిలితే రంగు ఇంకా బాగా దిగుతుంది. రెండు కట్టలు చేశాను. గోరువెచ్చని నీళ్లలో కలిపి గంట ఉంచిన కట్ట మొదటిసారి తెల్లగానే ఉంది, నాలుగోసారికి హాఫ్‌వైట్ అయింది. నిమ్మరసంతో రాత్రంతా నానబెట్టిన ముద్దలో పెట్టింది మొదటిసారికే ఎండు వరిగడ్డి రంగుకు వచ్చింది. తెల్ల వెంట్రుకలు ఉన్నవాళ్లకు ఈ పొడి రంగు అంటదని చెప్పి అమ్మడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. నల్ల జుట్టు వాళ్లు నిశ్చింతగా వాడొచ్చు. తెల్ల జుట్టు వాళ్లం వాడితే ఉత్త నీళ్లతో, తక్కువసేపు, ఎప్పుడో ఒకసారి. అత్తమ్మకు నేను పెట్టలేదు.

తంగేడు మీద ఆశతో బతుకమ్మ రోజుల్లో రేకులు ఎండబెట్టి చూశాను. నానిన నీళ్లే పసుపు. నాలుగోసారికి కట్ట క్రీమ్‌లోకి దిగింది. బెరడు సంగతి చెప్పనక్కర్లేదు, పూర్వం తోళ్లు పదును చేయడానికి వాడిన బెరడు అది, నిండా వగరు. తంగేడును బతుకమ్మకే వదిలేశాను.

గెలిచినవన్నీ జిగురువి. మందారం ఆకు, మెంతులు, అవిసె గింజలు, పలుచటి గంజి. వీటి కట్టలు నాలుగుసార్ల తర్వాత కూడా పక్కన పెట్టిన తెల్ల కట్టతో సమానంగా ఉన్నాయి. వెంట్రుక పైన చేప పొలుసుల్లా సన్నటి పొలుసులు ఉంటాయి. వయసుతో, ఎండతో, సున్నం నీళ్లతో అవి లేచి ఒకదానికొకటి రాసుకుంటాయి, చేతికి మోటుగా తగిలేది అందుకే. జిగురు వాటి మీద పలుచటి పొరలా ఆరి వాటిని కిందికి పడుకోబెడుతుంది. లోపలికి పోదు, రంగు వదలదు. రెండు మూడు తలస్నానాలకు పోతుంది కూడా, కాబట్టి మళ్లీ మళ్లీ పెట్టాలి. ఇవి జుట్టును నల్లగా చేయవు, కొత్తగా మొలిపించవు. చర్మం దాటి బయటికొచ్చిన వెంట్రుకకు ప్రాణం లేదు, దానికి మనం చేయగలిగింది పైపూతే.

మా పెరట్లో ఒంటిరేకు మందారం ఉంది. పువ్వులు ముట్టను, వాటిలో రంగు ఉంటుంది. ఆకులే పాతిక దాకా కోసి కడిగి, రెండు గ్లాసుల నీళ్లలో చేత్తో పిసుకుతాను. మిక్సీలో వేస్తే పని త్వరగా అవుతుంది కానీ ఆకు నలకలు జుట్టులో ఇరుక్కుని రెండు రోజులు రాలుతూనే ఉంటాయి. పిసికితే ఐదు నిమిషాల్లో నీళ్లు చేతి నుంచి తీగలా సాగుతాయి. పాత మల్లు పంచె ముక్కలో వడకట్టాలి. శనివారం రాత్రి నానబెట్టిన రెండు చెంచాల మెంతుల నీళ్లు, నీళ్లు మాత్రమే, అందులో కలుపుతాను. ముద్ద చేసి పెడితే వాసన బుధవారం దాకా ఉంటుంది.

ముందు కుంకుళ్లతో తల కడగాలి. కుంకుళ్లు కొట్టి గింజలు తీసి వేడి నీళ్లలో నానబెడితే చాలు, మరిగిస్తే నీళ్లు ముదురు గోధుమ రంగుకు వస్తాయి. సబ్బు మా బోరు నీళ్లలో తెట్టె కడుతుంది, కుంకుడు కట్టదు. ఆ తేడా తెల్ల జుట్టు మీద వెంటనే కనబడుతుంది. అత్తమ్మ కంట్లో పడితే ఇప్పటికీ నోట్లో ఉప్పుగల్లు వేయమంటుంది, వేస్తాను. తర్వాత జిగురు నీళ్లు చివర్ల నుంచి పైకి పట్టించి ఇరవై నిమిషాలు ఉంచుతాం. ఆఖరి రెండు చెంబులు బోరువి కాకుండా నల్లా నీళ్లు, ముందురోజే పట్టి పెట్టినవి.

మెంతి వాసన గిట్టని వారం అవిసె గింజలు. రెండు చెంచాలు రెండు గ్లాసుల నీళ్లలో కలుపుతూ మరిగిస్తే గుడ్డు తెల్లసొనలా అవుతుంది. వేడిమీదే వడకట్టాలి, చల్లారితే గుడ్డలోంచి దిగదు. ఫ్రిజ్‌లో వారం దాకా ఉంటుంది. తడి జుట్టుకు ఉసిరికాయంత తీసుకుని రాసి వదిలేయడమే. గంజి అత్తమ్మ పద్ధతి, పూర్వం కుంకుళ్లను గంజిలోనే నానబెట్టేవాళ్లట. బాగానే పనిచేస్తుంది కానీ చిక్కగా ఉంటే జుట్టు బిరుసెక్కుతుంది, నీళ్లలా పలుచన చేయాలి.

ఏ ఆకైనా మోచేతి మడతలో రాసి రెండు రోజులు చూడకుండా తలకు పెట్టొద్దని నా గట్టి మాట. ఆకు కదా అని ధీమా వద్దు. పెళ్లి నాటి నా కళ్లు నాకు గుర్తున్నాయి.

ఇప్పుడు కిటికీ దగ్గర బెండకాయ జిగురు కట్ట ఆరుతోంది. గులాబీ దారం, మూడోసారి. అత్తమ్మ పొద్దున టీ తాగుతూ దాని వైపే చూస్తున్నది. "గులాబి దారం ఎట్లున్నదే?" అని అడిగింది. తెల్లగానే ఉంది అత్తమ్మా, ఇంకొక్కసారి చూసి పెడతా అన్నాను.