ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు!

నిన్న రాత్రి మా బాబు చేత లెక్కలు చేయిస్తున్నాను. రెండో తరగతి. 52లోంచి 27 తీసేయమంటే 35 అని వేశాడు. రెండులోంచి ఏడు పోదు, పక్కనుంచి అప్పు తెచ్చుకోవాలని అప్పటికే మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి నా గొంతు లేచింది. "ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు!"

కొట్టలేదు, తిట్టలేదు. అన్నది అంతే. వాడు తలెత్తకుండా రబ్బరుతో ఆ 35ని చెరుపుతూనే ఉన్నాడు, కాగితం చిరిగేదాకా. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మూడేళ్ల పాప వెళ్లి నానమ్మ కుచ్చిళ్లు పట్టుకుంది.

మా నాన్న స్కూటర్ గుర్తొచ్చింది. సందు మలుపులో ఆ చప్పుడు వినగానే టీవీ కట్టేసి పుస్తకాలు తీసేవాళ్లం. ఆయన చెడ్డవారేం కాదు, మా కోసమే కష్టపడ్డారు. అయినా ఆయనతో మనసు విప్పి మాట్లాడింది నాకు ఉద్యోగం వచ్చాకే.

పొద్దున పాప బొమ్మను కూర్చోబెట్టుకుని "ఎన్నిసార్లు చెప్పాలే నీకు" అంటోంది. అచ్చం నా గొంతే. చాలా బాధేసింది.

సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే వాడి పక్కన కాసేపు ఊరికే కూర్చున్నా. సారీ చెప్పాను. తర్వాత చింతగింజలు తెచ్చి పదేసి కుప్పలు పోశాం. ఒక కుప్ప విడగొట్టి చూపిస్తే "అప్పంటే ఇదా నాన్నా!" అన్నాడు.

25 వేశాడు.