పదునులో ఆగిన డ్రిల్

"మామా, ట్రాక్టర్ ఆపు! గింజ పడట్లేదు!" అని కేకేశా. ట్రాక్టర్ వెనక విత్తనం వేసే డ్రిల్ డబ్బా నిండా వేరుశనగ విత్తనం ఉంది, సాలులో మాత్రం మూరెడేసి ఖాళీలు.

చైన్‌లో ఒక లింకు బిగుసుకుపోయి, పళ్ల చక్రం మీద ఎగిరెగిరి పడుతోంది. బాడుగ డ్రిల్ కదా, పోయినేడు మిగిలిన ఎరువు తేమ పీల్చి తుప్పు పట్టించింది. డీజిల్ పోసి, వైర్ బ్రష్‌తో రుద్ది, అటూ ఇటూ ఆడిస్తే వదిలింది. రాచెట్‌లో, అదే ఒకవైపే పట్టే పళ్ల చక్రంలో, ఇరుక్కున్న మట్టి కూడా గీకేశాం. దాని పన్ను పట్టకపోతే నేల మీద దొర్లే చక్రం తిరిగినా లోపల గింజలు వదిలే ప్లేటు కదలదు.

గింజకూ గింజకూ 10 సెంటీమీటర్లు ఉండాలి. అప్పుడే చూసుకోకపోతే ఖాళీలు మొలకలొచ్చాకే బయటపడతాయి. అప్పటికి పదును, అంటే నేలలో తేమ, ఆరిపోతుంది, మళ్లీ ఎక్కడ విత్తేది? నాకదే టెన్షన్.

డ్రిల్ బాడుగకు తెచ్చేవాళ్లు, విత్తనం పోసే ముందే నేల చక్రం చేత్తో తిప్పి చూసుకోండి.